పద్దెనిమిదో టోపీ

ఆ ఉదయం హిమాని భౌమిక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పూరీలు తినాలి, మేనేజరును ఒక గంట గడువు అడగాలి, ఆ గంటలో కాంచన్‌జంగాను చూడాలి, బుద్ధిగా బస్సెక్కాలి. ఆ పథకంలో పోలీసులు లేరు, లోయలో దూకడాలు లేవు, పద్దెనిమిది మందికి రోడ్డు మీద వడ్డించిన కిచిడీ అసలే లేదు.

హిమాని కోల్‌కతా బేహాలాలో ఒక ఆడపిల్లల బడిలో ముప్ఫై ఆరేళ్లు భూగోళం చెప్పింది. ఏటా నల్లబల్ల మీద తెల్ల సుద్దతో కాంచన్‌జంగాను గీసి, పక్కన ఎనిమిది వేల ఐదువందల ఎనభై ఆరు మీటర్లు అని రాసింది. కొండను మాత్రం చూడలేదు. వెళ్దామనుకున్న ప్రతిసారీ మామగారికి జబ్బో, ఆయన పోయాక మొగుడికి జబ్బో, అదీ కాకపోతే పరీక్ష పేపర్లో అడ్డొచ్చేవి. హిమాని అంటే మంచు. ఆ పేరు పెట్టుకుని అరవై ఏడేళ్లలో ఆవిడ చూసిన మంచల్లా చేపల బజారులో ఇలిశ చేపల మీద పోసే ఐసుముక్కలే.

చివరికి ఈ అక్టోబరులో, దుర్గాపూజ అయిన మర్నాడు, ఆడపడుచు కణికను వెంటబెట్టుకుని నిస్తారిణి ట్రావెల్స్ వాళ్ల యాత్రలో చేరింది. కోల్‌కతాలో రెండు రోజులు, డార్జిలింగ్‌లో మూడు, ఆపైన కాలింపాంగ్, గ్యాంగ్‌టక్. యాత్రికుల్లో సగం మందిది కోల్‌కతాయే. అయినా వాళ్లనీ ట్రాములో ఎక్కించి విక్టోరియా మెమోరియల్ చూపించారు. ఎందుకయ్యా అంటే, కాగితంలో ఉంది.

ఆ కాగితం మేనేజరు బటుక్ బాబు జేబులో ఉంటుంది. విజిల్ మెడలో ఉంటుంది. పద్దెనిమిది మందికీ పంచిన ముదురు ఎరుపు మంకీ క్యాపులు పద్దెనిమిది తలల మీదా ఉండాలి. చలి చెవుల్లోంచి దూరుతుందని బెంగాలీల గట్టి నమ్మకం. కొండకు వెళ్లే బెంగాలీ తిండి మరిచినా మరుస్తాడు గానీ మంకీ క్యాపు మరవడు. బటుక్ బాబుకు అందులో ఇంకో సుఖం ఉంది. ఆయన మనుషులను లెక్కపెట్టడు, టోపీలను లెక్కపెడతాడు. "టోపీ లేనివాళ్లు నా లెక్కలోకి రారు" అని మొదటిరోజే స్టేషనులో ప్రకటించాడు.

డార్జిలింగ్‌లో మూడు రోజులుగా పొగమంచు. సూర్యోదయం చూడ్డానికి టైగర్ హిల్ ఎక్కిన రోజున అందరూ తెల్లటి గోడలాంటి మంచుకేసి కళ్లప్పగించి నిలబడ్డారు. బటుక్ బాబు గడియారం చూసుకుని, "సూర్యోదయం అయిపోయింది, పదండి పదండి" అని దింపేశాడు. ఇది చివరి ఉదయం. తొమ్మిదింటికి కాలింపాంగ్ ప్రయాణం.

"బటుక్ బాబూ, ఒక్క గంట" అంది హిమాని, పూరీల పళ్లెం పట్టుకుని.

"ఏం గంట మాషిమా?" మాషిమా అంటే పిన్నిగారు. జుట్టు నెరిసిన ఆడవాళ్లందరూ బటుక్ బాబుకు పిన్నిగార్లే.

"బస్సు ఒక గంట ఆగి బయల్దేరదీయండి. పదింటికి మబ్బు విడుతుందట."

"ఎవరన్నారు?"

"ఎదురుగా టీకొట్టు పెద్దాయన."

"బావుంది. టీకొట్లో కూచున్నవాళ్లు చెబితే బస్సులు ఆపుకోమంటారా? ఇదిగో కాగితం. డార్జిలింగ్‌లో రెండో రోజు పొద్దున ఐదూ పది నుంచి ఐదూ ముప్ఫై ఐదు దాకా కాంచన్‌జంగా. అయిపోయింది."

"అయిపోవడమేంటయ్యా? అది కనపడందే!"

"మనం వెళ్లాం కదా మాషిమా. మన వైపు నుంచి లోటేం లేదు."

"మళ్లీ ఎప్పుడొస్తాను నేను? నా మోకాళ్లు చూశారా?"

"అలా బాధపడకండి. గ్యాంగ్‌టక్‌లో మంచి క్యాలెండరు ఇప్పిస్తాను. అందులో ఉంటుంది, పెద్దది, రంగుల్లో."

క్యాలెండరు అనేసరికి ఆవిడకు ఒళ్లు మండిపోయింది. "ముప్ఫై ఆరేళ్లు పిల్లలకి బొమ్మే చూపించాను. ఇప్పుడు నాకూ బొమ్మేనా?" అని పళ్లెం ఠక్కున బల్ల మీద పెట్టి బయటికి నడిచింది. కణిక అది చూస్తూనే తల తిప్పుకుంది. ఇద్దరికీ నిన్నటి నుంచి మాటల్లేవు. వేడినీళ్ల సంచి మూత హిమాని సరిగ్గా బిగించలేదు, కణిక పక్క తడిసింది. "ఎంతసేపూ ఆ కొండ గోలే. దాని కోసం చచ్చేట్టున్నావ్!" అని కణిక అంది. "పోస్టాఫీసులో ముద్దర్లు కొట్టుకున్న నీకేం తెలుస్తుందే?" అని హిమాని అంది. ఇంకేముంది, ఇద్దరూ నోళ్లు కుట్టేసుకున్నారు.

హోటలు ముందు రోడ్డు, రోడ్డుకు అవతలి అంచున ఫూల్‌మాయ టీకొట్టు, దాని పక్కన ఇనుప కమ్మీ, కమ్మీ దాటితే లోయ. లోయ ఉందని వాళ్లూ వీళ్లూ చెబితే నమ్మాల్సిందే, అంత మంచు. బల్ల మీద ఫూల్‌మాయ మామగారు సంతబీర్ శాలువా కప్పుకుని కూర్చున్నాడు. ఊరందరికీ ఆయన బాజే, అంటే తాతయ్య. బుగ్గలో ఛుర్పీ ముక్క ఉంది. రాయిలాంటి ఆ ఎండు జున్నుముక్క ఒకసారి నోట్లో వేసుకుంటే పూటంతా నమలాల్సిందే. అందుకని పొద్దుటిపూట బాజే దేనికైనా "ఊఁ" అనే అంటాడు.

"బాజేకి ఇవాళ లోప్చూ ప్రయాణం దీదీ, కూతురింటికి. మీ బస్సు నడిపే బిక్రం మా మావయ్యకి మేనల్లుడేగా, వెనక మూల సీటు ఉంది, ఎక్కించుకుంటానన్నాడు" అంది ఫూల్‌మాయ టీ పోస్తూ.

"చెవులు చూడు ఎలా ఎర్రబడ్డాయో! ఏమీ కట్టుకోలేదేం బాజే?" అని, హిమాని తన టోపీని ఊడబెరికి పెద్దాయన తలకు తొడిగి, గడ్డం దాకా లాగింది. "ఉంచుకోండి. అయిదు రోజులుగా దీంతో నాకు యుద్ధం. కోల్‌కతాలో చెమటలు కారుతున్నా తీయనివ్వలేదు మహానుభావుడు."

బాజే "ఊఁ" అన్నాడు. కొట్లో ఉన్న అద్దంలో చూసుకుని మురిసిపోయాడు కూడా. అంతలో మంచులోంచి బస్సు హారను వినపడింది. ఆయన లేచి కర్ర పట్టుకుని రోడ్డు దాటాడు.

బస్సు మెట్ల దగ్గర బటుక్ బాబు, ఎర్ర టోపీలో శాలువా కప్పుకుని వచ్చిన ఆకారాన్ని చూశాడు. "రండి రండి మాషిమా, మీకోసమే ఆగాం. కోపం తగ్గిందా?" అని మోచెయ్యి పట్టుకుని మర్యాదగా ఎక్కించి, కణిక పక్కన కూర్చోబెట్టాడు. పట్నం వాళ్లకు ఇంత మర్యాద తెలుసని బాజే అనుకోలేదు.

హిమానికి మంచులోంచి లెక్క వినపడుతూనే ఉంది. "పదిహేను, పదహారు, పదిహేడు... పద్దెనిమిది. జై మా! పోనీ బిక్రం!"

హిమాని చటుక్కున లేచింది. ఆగండి అన్న మాట గొంతు దాకా వచ్చింది. నోరు కూడా తెరిచింది. ఆపైన ఆలోచించింది. కాగితంలో నేనున్నాను, లెక్కలో నేనున్నాను, వాళ్లకు కావాల్సింది టోపీ, అది బస్సెక్కింది. ఇంక నాతో పనేముంది? తెరిచిన నోరు ఎటూ తెరిచి ఉంది కదా అని టీ తాగేసింది.

"దీదీ, మీ బస్సు!" అని ఫూల్‌మాయ కేకపెట్టింది.

"తెలుసు. ఇంకో టీ పొయ్యి."

"అయ్యో, మా మావయ్య!"

"ఆయనకేం? ఆ బస్సులో తను చూడాలనుకున్నది చూడబోయేది ఆయనొక్కడే. నేను పదకొండుకి జీపెక్కి కాలింపాంగ్‌లో కలుస్తా. భోజనాల వేళకి వాళ్ల ముందుంటా, సరేనా?"

బస్సులో ఏం జరిగిందో హిమాని తర్వాత పదిహేడు నోళ్ల నుంచి పదిహేడు రకాలుగా విన్నది. అన్నింట్లో కలిసిన ముక్క ఇదీ. ఘూమ్ స్టేషను దాటేదాకా కణిక కిటికీలోంచి చూపు తిప్పలేదు. దాటాక మనసు ఆగలేదు. "చలేస్తోందా వదినా?" అంది, కిటికీతో అన్నట్టుగా. "ఊఁ" అని వినపడింది. "నేనలా అనకుండా ఉండాల్సింది." మళ్లీ "ఊఁ". ఆ రెండో ఊఁతో కణిక గుండె కరిగిపోయింది. పెళ్లి చేసుకోకుండా నీ ఇంట్లోనే ఉండిపోయాను, ముప్ఫై ఏళ్లలో నువ్వు ఒక్కనాడు పల్లెత్తు మాట అనలేదు, నీ అంత మనిషిని ముద్దర్లు కొట్టుకునే నేను ఎంత నొప్పించాను అని భుజం మీద తలవాల్చి బావురుమంది. బాజేకు సగం అర్థం కాలేదు. అయినా ఓదార్పుగా జేబులోంచి ఒక ఛుర్పీ ముక్క తీసి ఆమె చేతిలో పెట్టాడు. కణిక కళ్లు తుడుచుకుని నోట్లో వేసుకుంది. వదిన ఇంత గట్టి మిఠాయి ఇచ్చిందంటే కోపం ఇంకా పూర్తిగా తగ్గలేదనుకుంది. ఆ తర్వాత లోప్చూ దాకా ఆమె కూడా మాట్లాడలేకపోయింది.

లోప్చూలో బస్సాపి, "బాజే, మీ అమ్మాయిల్లు వచ్చింది, దిగు" అన్నాడు బిక్రం. హిమాని భౌమిక్ లేచి, టోపీ పైకెత్తి, తెల్లటి మీసాలు దువ్వుకుంది. కణిక నోట్లో ఛుర్పీతోనే కెవ్వుమంది. బటుక్ బాబు గబగబా మళ్లీ లెక్కపెట్టాడు. పద్దెనిమిదే వచ్చింది. అప్పుడు ఆయనకు నిజంగా భయం వేసింది.

టీకొట్లో ఫూల్‌మాయ ఫోను మోగినప్పుడు పది కావస్తోంది. ఒక్క నిమిషం విని, నోటి మీద చెయ్యి వేసుకుంది. "దీదీ, బిక్రం. అక్కడంతా గొడవగా ఉందట. మీ ఆడపడుచు గుండెలు బాదుకుంటోందట. తన మాటకి మీరు లోయలో దూకేశారట!"

హిమాని గ్లాసు బల్ల మీద పెట్టేసి చెయ్యి చాపింది. "పిచ్చిది! ఇలా ఇయ్యి ఫోను... కణికా! ఒరే బిక్రం! నేను బతికే ఉన్నాను, చెప్పు దానికి!" అవతల ఏమీ లేదు. ఆ మలుపుల్లో ఫోను ఒక చెట్టు కింద పలికితే పది చెట్ల కింద పలకదు. నాలుగుసార్లు ప్రయత్నించారు. బస్సు వెనక్కి తిప్పారన్న ముక్క ఒక్కటే తెలిసింది.

ఇప్పుడు హిమానికి నిజంగా బాధ వేసింది. ఏడుస్తున్నది కణిక, తన కణిక. ఒక కొండ కోసం దాన్ని ఇంత ఏడిపించాలా? పోనీ కొండైనా కనపడిందా? కమ్మీ అవతల పాలు ఒలకబోసినట్టు అంతే తెలుపు.

"మీ మావయ్య పది అన్నాడుగా?"

"పది దాటాక అన్నాడు దీదీ."

"దాటాక అంటే ఎప్పుడు?"

"దాటాక అంటే దాటాకే."

వాళ్లొచ్చేలోగా మంచు విడిస్తే చూసినట్టు. విడవకపోతే మెడ పట్టి బస్సెక్కిస్తారు, ఇక ఈ జన్మకు అంతే. హిమాని కమ్మీకి ఆనుకుని నిలబడింది. అప్పుడు మంచులోంచి ఒక కానిస్టేబుల్ ఊడిపడ్డాడు. మేనేజరు ఫోను చేశాడట, బెంగాలీ ముసలావిడ, ఎర్ర మంకీ క్యాపు అని గుర్తులు చెప్పాడట. పాపం అరగంటలో మంకీ క్యాపు పెట్టుకున్న పదకొండు మంది ఆడవాళ్లను ఆపి, పదకొండు చోట్లా చీవాట్లు తిన్నాడు.

"అమ్మా, ఎర్ర టోపీ పెట్టుకున్న బెంగాలీ ఆవిడ ఎవరైనా ఇటు వచ్చారా?"

"ఎర్ర టోపీ ఆవిడా?" హిమాని చుట్టూ చూసింది. "లేదు నాయనా."

"మీరు బెంగాలీయేనా?"

"బేహాలా."

ఆయన టోపీ లేని ఆవిడ తలకేసి అనుమానంగా చూశాడు. "చెవులు గాలికొదిలేసి డార్జిలింగ్‌లో తిరిగే బెంగాలీ ఉంటుందా? పోనీలెండి" అని రాసుకోకుండానే వెళ్లిపోయాడు. ఫూల్‌మాయ స్టవ్వు వెనక్కి వంగి కొంగులో నవ్వుకుంది.

పదకొండుకు బస్సు వచ్చింది. ముందు కణిక దూకింది, వెనకాల బటుక్ బాబు, సాక్ష్యానికని లాక్కొచ్చిన బాజే, పదహారు టోపీలు, గరిటె పట్టుకుని వంటాయన నకుల్, హారను విని పరుగెత్తుకొచ్చిన కానిస్టేబుల్. బాజే కూతురిల్లు కళ్లెదుట కనపడుతుండగా తనను వెనక్కి తెచ్చారని ఊఁ ఊఁ అని మండిపడుతున్నాడు. కణిక వదినను చూసింది. ఏడవబోయి, తిట్టబోయి, నోట్లో ఇంకా అరగని ఛుర్పీ వల్ల రెండూ చేయలేక ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుని వదిలేసింది.

"ఎక్కండి బస్సు!" అన్నాడు బటుక్ బాబు. "మా యజమాని ఏమన్నాడో తెలుసా? మాషిమా దొరక్కపోతే విజిల్ ఇచ్చేసి ఇంటికి పొమ్మన్నాడు. ఇరవై రెండేళ్ల సర్వీసు! ఒక్క మనిషి తప్పిపోలేదు!"

"ఇప్పుడూ తప్పిపోలేదు" అంది హిమాని, కమ్మీకి వీపు ఆనించి, రెండు చేతులతో దాన్ని వెనక నుంచి పట్టుకుని. "టోపీ లేనివాళ్లు మీ లెక్కలోకి రారన్నది మీరే. నాకు టోపీ లేదు. మరి లెక్కలో లేని మనిషి ఎలా తప్పిపోతుందయ్యా?"

"మాషిమా, తర్కం తర్వాత. ముందు ఎక్కండి."

"ఎక్కను. కణికని ఏడిపించినందుకు దాని కాళ్లయినా పట్టుకుంటాను. మీకు మాత్రం భయపడను. చూసేదాకా ఇక్కణ్ణుంచి కదిలేది లేదు!"

"ఏం చూస్తారు? ఏదీ, ఎక్కడుంది మీ కాంచన్‌జంగా? చూపించండి!"

"ఉంది. నా వెనకాలే ఉంది. మీ కాగితం చూసుకుని ఐదూ పదికి డ్యూటీకొచ్చి ఐదూ ముప్ఫై ఐదుకి ఇంటికెళ్లడానికి అదేం గుమాస్తా కాదు! మనం దాని కోసం ఆగాలి, అది మన కోసం ఆగదు. డబ్బిచ్చి ఇంత దూరం వచ్చి, విజిల్ ఊదగానే గొర్రెల్లా ఎక్కడానికా మనం పుట్టింది? ఏం, మీకెవరికీ చూడాలని లేదూ? నోరు తెరిచి చెప్పండి!"

ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు. నోళ్లు మాత్రం తెరుచుకున్నాయి. అందరూ ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయారు. హిమానికి ఆశ్చర్యం వేసింది. ముప్ఫై ఆరేళ్ల ఉద్యోగంలో, ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజున కూడా, తన క్లాసు ఇంత నిశ్శబ్దంగా లేదు. ఇదేదో ముందే చేయాల్సింది అనుకుని గొంతు ఇంకా పెంచింది.

"ఆఁ, ఇప్పుడు మాట పడిపోయిందేం? మూడు రోజులుగా ఒక్కరైనా అడిగారా? నేనడిగాను! ఇంకా అడుగుతాను!"

బటుక్ బాబు పెదాల మధ్య నుంచి విజిల్ జారి బొజ్జ మీద పడింది. నకుల్ గరిటె కింద పెట్టి రెండు చేతులూ జోడించాడు. కానిస్టేబుల్ టోపీ తీశాడు. వెనక ఎవరో చెంపలు వేసుకున్నారు.

హిమాని కొంచెం మెత్తబడింది. "సర్లే, దణ్ణాలెందుకయ్యా నాకు. తెలుసుకున్నారు, చాలు."

"వ... వతినా" అంది కణిక ఛుర్పీ చాటు నుంచి. కళ్లు తుడుచుకోవడం మరిచిపోయి వేలు చాపింది. అప్పటికీ హిమాని తిరగలేదు, ఇంకో రెండు మాటలు మిగిలి ఉన్నాయి. బాజే కర్ర పక్కన పెట్టి ముందుకొచ్చాడు. ఆవిడ భుజాలు రెండూ పట్టుకుని, తలుపు తిప్పినట్టు నెమ్మదిగా అటు తిప్పాడు.

ముందు ఆవిడకు ఏమీ కనపడలేదు. లోయ కనిపించింది, దాని మీద మబ్బు కనిపించింది. బాజే గడ్డం కింద వేలు పెట్టి తల పైకెత్తాడు. ఇంకా పైకి. అక్కడుంది, మబ్బుల మీద, ఆకాశం అనుకుని ఆవిడ వదిలేసిన చోట, తెల్లగా, బంగారంగా, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా.

హిమాని రెండు చేతులతో కమ్మీ పట్టుకుంది. చెంపల మీద నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. చివరికి, "తప్పు గీశానే కణికా" అంది. "ముప్ఫై ఆరేళ్లు తప్పు గీశాను. ఎంత చిన్నది గీశాను!"

కణిక ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఈసారి వదల్లేదు.

బటుక్ బాబు జేబులో ఫోను మోగింది. ఆయన కొండ మీంచి చూపు తిప్పకుండానే ఎత్తాడు. "దొరికింది సార్... లేదు సార్, ఇప్పుడు బయల్దేరలేం... కాగితమా? కాగితం తప్పు సార్. కాంచన్‌జంగా ఇప్పుడే వచ్చింది... విజిలా? కావాలంటే వచ్చి తీసుకోండి సార్, నేను ఇక్కడే ఉంటాను." ఇరవై రెండేళ్లలో మొదటిసారి ఆయన యజమాని కన్నా ముందు ఫోను పెట్టేశాడు. ఆపైన తన టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. ఇరవై రెండేళ్లుగా వచ్చిపోతున్నా, గడియారం చూసుకోవడంలో పడి ఆయన కూడా ఈ కొండను సరిగ్గా చూసింది లేదు.

నకుల్ టీకొట్టు పక్కనే పొయ్యి వెలిగించాడు. కిచిడీ, వేయించిన చేపముక్కలు, కమ్మీ పొడుగునా బంతి. కానిస్టేబుల్ మారు అడిగి వడ్డించుకున్నాడు. బాజే కూతురు లోప్చూ నుంచి ఫోను చేసి నాన్నేడని అరిస్తే, ఫూల్‌మాయ ఆయన భోంచేస్తున్నాడని చెప్పింది.

"బస్సులో నాకేదో చెప్పావట" అంది హిమాని, కణిక విస్తట్లోకి తన చేపముక్క వేస్తూ.

"చెప్పాను."

"ఏం చెప్పావు?"

"చెప్పాల్సిందంతా చెప్పేశాను. నేను రెండోసారి చెప్పే మనిషిని కాదు. కావాలంటే బాజేని అడుగు."

హిమాని బాజే వైపు తిరిగింది. ఆయన భోజనం ముగించి కొత్త ఛుర్పీ ముక్క బుగ్గన పెట్టుకున్నాడు. "ఊఁ" అన్నాడు.

మూడు గంటలకు మళ్లీ మబ్బు కమ్మాక బాజేతో సహా అందరూ తమంతట తామే బస్సెక్కారు. ఎర్ర టోపీ బాజే తల మీదే ఉండిపోయింది. బటుక్ బాబు ఈసారి టోపీలు కాక ముక్కులు లెక్కపెట్టాడు. పంతొమ్మిది వచ్చాయి, ఎవరినీ దించకుండా పోనిమ్మన్నాడు.